నమారోమె గుండెలో తలుపు

నైరోబి,
జనవరి 17, 1996

పెనీనా అత్తయ్య గారికి,

అల్లుడు లుస్వేటి దూరం నుంచే తలవంచి పెట్టే నమస్కారం.

అసలు సంగతి ముందే రాసేస్తున్నాను, మీరు చివరిదాకా వెతుక్కోకుండా. ఆపరేషన్ అయింది. నమారోమె క్షేమం. నిన్న మధ్యాహ్నం కళ్లు తెరిచింది. పక్కనే నిలబడ్డ మొగుణ్ణి వదిలేసి, "అమ్మకి తెలుసా?" అని అడిగింది. తెలుసని అబద్ధం చెప్పాను. ఈ ఉత్తరం మీకు చేరేసరికి అది నిజమైపోతుంది.

మీరు పంపిన మేనల్లుళ్లు వచ్చి రక్తమిచ్చారు. సైమన్‌కి సూది చూడగానే కళ్లు తిరిగాయి, అయినా పారిపోలేదు. వాళ్లకీ, వాళ్లని కదిలించిన మీకూ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

అత్త మొహం అల్లుడు చూడకూడదు, ఒక కప్పు కింద పడుకోకూడదు అనే మన పద్ధతి వల్ల, పెళ్లయిన ఆరేళ్లలో మీకు నేనేదీ ఎదురుగా చెప్పింది లేదు. కాగితానికి ఆ అడ్డు లేదు కాబట్టి జరిగింది విడమరిచి రాస్తాను. నేను ఈ నగరానికి నీళ్లు తోడే పంపులు బాగుచేసేవాణ్ణి. డాక్టరు గుండె బొమ్మ గీస్తుంటే ఇది నా పనే కదా అనిపించింది. గుండె ఒకటి కాదత్తయ్యా, పక్కపక్కన అతుక్కున్న రెండు పంపులు. కుడివైపుది వాడిపోయిన నల్లటి రక్తాన్ని గాలి కోసం ఊపిరితిత్తులకి పంపుతుంది. గాలి పీల్చుకుని ఎర్రబడి వచ్చిన రక్తాన్ని ఎడమవైపుది ఒళ్లంతా తోస్తుంది. ఒక్కో పంపుకి పైన ఒక గది, కింద ఒక గది. నాలుగు గదులకి నాలుగు తలుపులు. ఏ తలుపైనా ఒక పక్కకే తెరుచుకుంటుంది, వెళ్లిన రక్తం వెనక్కి రాకూడదు.

తొమ్మిదేళ్లప్పుడు నమారోమెకి గొంతు నొప్పి వచ్చి, తర్వాత మోకాళ్లు వాచి, ఒక వానాకాలమంతా మంచాన పడిందని మీరు తనకి చెప్పారట. ఆ జ్వరమే ఎడమవైపు పైగదికీ కిందిగదికీ మధ్య తలుపుని కాల్చి గట్టిపరిచిందని డాక్టరు అన్నాడు. తలుపు సరిగ్గా తెరుచుకోక రక్తం వెనక్కి ఎగదన్ని ఊపిరితిత్తుల్లో నిలిచిపోయేది. పడుకుంటే ఆయాసం అందుకే. ఇప్పుడు ఆ తలుపు తీసేసి లోహంతో చేసిన కొత్త తలుపు కుట్టారు.

మీ ఆశీస్సులు కోరే
లుస్వేటి

*

కిమిలిలి కొండ దిగువ నుంచి,
జనవరి 26, 1996

అల్లుడు గారికి పెనీనా రాసేది.

మీ ఉత్తరం చర్చిలో అందరి ముందూ గట్టిగా చదివాను. తలుపులు, గదులు వచ్చేసరికి పాస్టరు గారు, "ఇదేమన్నా ఇల్లు కట్టే లెక్కా?" అన్నారు. నేను మాత్రం మొదటి నాలుగు వాక్యాలయ్యాక మిగిలింది కళ్లకి ఆనకుండా చదివాను. దేవుడికి ముందు, తర్వాత ఆ డాక్టరుకి, తర్వాత మీకు. ఈ వరసలో నా కృతజ్ఞత. మీరు మూడో స్థానమని చిన్నబుచ్చుకోకండి, మా సైమన్ ఆరోవాడు.

మీ మాట నమ్మక కాదు గానీ, మర్నాడు మాంసం కొట్టుకి వెళ్లి ఎద్దు గుండె కొన్నాను. చెక్క మీద పెట్టి నిలువునా కోశాను. ఉన్నాయి! నాలుగు గదులూ ఉన్నాయి. తలుపులంటే నేను చెక్క తలుపులనుకున్నాను. ఇవి పల్చని తెల్లటి పొరలు, కింద సన్నటి దారాలతో గోడకి కట్టేసి ఉన్నాయి. ఆ దారాలు లేకపోతే గాలికి గొడుగు తిరగబడ్డట్టు తిరగబడతాయేమో. దేవుడికి కుట్టుపని వచ్చునని ఇన్నాళ్లూ నాకు తెలియలేదు. ఒక సందేహం. ఎడమ గది గోడ నా బొటనవేలంత మందం ఉంది, కుడిగదిది అందులో సగం కూడా లేదు. ఆయన అక్కడ పిసినారితనం ఎందుకు చేశాడు? చూడటం అయ్యాక ఉల్లిపాయలేసి వండేశాను, పారేస్తామా.

ఇక అసలు మాట. నమారోమెని నా దగ్గరికి పంపండి. నేను అక్కడికి రాలేను. మీకున్నది ఒక్క గది. అందులో నేనెక్కడ పడుకోను, గోడలోనా? క్రిస్మస్ ముందు నేను ఆస్పత్రికి వచ్చినప్పుడు మీరు దుప్పట్ల బండి వెనక దాక్కున్నారు. మీ బూట్లు కనిపించాయి. మంచి మర్యాదస్తుడు, బూట్లకి పాలిష్ కూడా ఉంది అనుకున్నాను. కానీ మీరు డ్యూటీకి వెళ్తే దానికి గంజినీళ్లు ఇచ్చేదెవరు? కోసిన పిల్ల తల్లి దగ్గర ఉండాలి.

ఎదురుచూసే
పెనీనా

*

నైరోబి,
ఫిబ్రవరి 11, 1996

అత్తయ్య గారికి నమస్కారం.

ఆ బూట్ల సంగతి చదివి నమారోమె కుట్లు పట్టుకుని మరీ నవ్వింది. నవ్వొద్దని నర్సు కేకలేసింది. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

గోడ మందం అడిగారు. పిసినారితనం కాదత్తయ్యా, పొదుపు. కుడిగది పక్కనే ఉన్న ఊపిరితిత్తుల దాకా తోస్తే చాలు. ఎడమగది కాలి బొటనవేలి దాకా, పైన నెత్తి దాకా తొయ్యాలి. మా దగ్గరా అంతే, కొండ మీది ట్యాంకుకి ఎక్కించే పంపు పెద్దది. గుండె నుంచి రక్తం తీసుకెళ్లే గొట్టాలు మందంగా, సాగేలా ఉంటాయి. వెనక్కి తెచ్చేవి పల్చన. ఆ రెంటి మధ్యా వెంట్రుక కన్నా సన్నటి గొట్టాలు ఉంటాయట, అక్కడే రక్తం తెచ్చిన సరుకు దింపుతుంది.

శనివారం బస్సుకి నమారోమె వస్తోంది. సైమన్ తోడు. మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, దాని గుండె చప్పుడు బయటికి వినిపిస్తుంది, చేతి గడియారంలా టిక్కు టిక్కుమని. కొత్త తలుపు మూసుకునే చప్పుడు అది, భయపడొద్దు. రెండు, సాయంత్రం మాత్ర ఒక్కరోజు కూడా తప్పకూడదు. రక్తానికి లోహం కొత్త, తాకితే గడ్డకట్టాలని చూస్తుంది, మాత్ర దాన్ని ఆపుతుంది. మూడు, నెలకోసారి ఎల్డొరెట్ పెద్దాస్పత్రికి వెళ్లి రక్తం ఎంత వేగంగా గడ్డకడుతోందో పరీక్ష చేయించాలి.

తిండి గురించి నర్సు చెప్పింది నమారోమె మీకు చెబుతుంది. అత్తగారి పొయ్యి మీద ఏముడకాలో అల్లుడు రాయడం మర్యాద కాదు, నేను రాయను.

దాన్ని మీ చేతుల్లో పెడుతున్నాను. నాకు దిగులు లేదు.

లుస్వేటి

*

కిమిలిలి,
మార్చి 3, 1996

అల్లుడు గారూ,

వచ్చింది. బస్సు దిగుతుంటే నా కూతురు కాదేమో అనుకున్నాను, చొక్కా కొయ్యకి తగిలించినట్టుంది. కానీ దిగి, ఆగకుండా గట్టెక్కి ఇంటిదాకా నడిచింది. పోయినేడు ఆ గట్టు మీద మూడుసార్లు కూలబడేది. అది చూసి నేను వాకిట్లోనే మోకాళ్ల మీద పడ్డాను. మోకాళ్లు ఇంకా నొప్పిగానే ఉన్నాయి.

ఆ చప్పుడు నిజంగానే వినిపిస్తోంది. పక్కింటి పిల్లలు వరసకట్టి దాని గుండెకి చెవి ఆనిస్తున్నారు. మా వదిన వచ్చి, "అమ్మాయి మింగేసిందేంటి, గడియారం?" అని అడిగింది. నాకైతే మొదట్లో ఆ చప్పుడు కంటకంగా ఉండేది. మనిషిలో ఇనుము మోగడమేమిటి? ఇప్పుడు అలవాటైంది.

మాత్ర నేనే ఇస్తున్నాను. దానికి రక్తం బాగా పోయిందని సైమన్ చెప్పాడు. కాబట్టి రక్తం పట్టే తిండి పెడుతున్నాను. తిండి విషయం నాకొదిలేసినందుకు మీకు నా కృతజ్ఞత. చాలామంది అల్లుళ్లకి ఆ తెలివి ఉండదు. నర్సేదో ఆకుకూరలు కొలిచి తినమందట. నమారోమె నసుగుతూ చెప్పింది. నైరోబిలో అవి కట్టల లెక్కన కొనుక్కోవాలి కదా, కొలుచుకుంటారు పాపం. మా పెరడు అలాంటిది కాదు.

దీవెనలతో,
పెనీనా

*

నైరోబి,
మార్చి 24, 1996

అత్తయ్య గారికి,

మీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. గట్టెక్కిందన్న మాట మా పంపుహౌస్‌లో అందరికీ చదివి వినిపించాను. మా ఫోర్‌మన్, "నీ అత్తగారికి ఉద్యోగం ఇద్దాం, ఆవిడ చేతిలో పాత పంపులు కూడా నడిచేలా ఉన్నాయి" అన్నాడు.

ఎల్డొరెట్ పరీక్ష సంగతి మీరు రాయలేదు. ఈ నెల వెళ్లారా? మొన్న మా పెద్ద గొట్టంలో నీళ్లని వెనక్కి రానివ్వని తలుపు ఒకటి పనిచెయ్యడం మానేసింది. విప్పి చూస్తే అంచున గోరంత మురికి. అంతే, ఆ గోరంతకే ఒక పేట మొత్తానికి నీళ్లు ఆగిపోయాయి. అది చూసినప్పటి నుంచి మనసు ఊరికే అటు పోతోంది.

తిండి ఎప్పుడూ ఒకేలా, హెచ్చుతగ్గులు లేకుండా ఉంటే మంచిదేమో. ఇంతకన్నా రాయడానికి నాకు నోరు రాదు. తప్పయితే మన్నించండి.

లుస్వేటి

*

కిమిలిలి,
ఏప్రిల్ 21, 1996

అల్లుడు గారికి,

హెచ్చుతగ్గులా? నా ఇంట్లో తగ్గులెప్పుడు చూశారు మీరు? ఆరుగురు పిల్లల్ని పెంచిన కుండ ఇది. సరే, మన్నించమన్నారు కాబట్టి మన్నించాను.

వానలు దంచి కొడుతున్నాయి. ఎల్డొరెట్ రోడ్డులో మటాటు వ్యాన్లు దిగబడిపోతున్నాయి, వచ్చే వారం పరీక్షకి తీసుకెళ్తాను. దాని అవసరం ఉందని కూడా అనిపించడం లేదు. మీరు చూస్తే గుర్తుపట్టరు. బుగ్గలొచ్చాయి. వానలకి పెరడంతా అలసందాకు, కామంచి, వామింట మోకాలెత్తు లేచాయి. మూడుపూటలా అవే. చిక్కుడు పొట్టు కాల్చిన బూడిద నీళ్లు పోసి ఉడికించి, పాలు పోసి, మొక్కజొన్న ఉగాలి ముద్దతో పెడుతున్నాను. "అమ్మా, ఇక చాలే" అంటుంది, మళ్లీ వేళ్లు నాకుతుంది. మధ్యలో ఎందుకో వద్దంది, నేను మొహం ముడుచుకుంటే మళ్లీ తినేసింది.

ఇప్పుడు అసలు అద్భుతం. ఆ చప్పుడు పోయింది! నాలుగు రోజుల నుంచి పక్కింటి పిల్లలు చెవి పెట్టి, "వినపడట్లేదు మామ్మా" అని ఏడుస్తూ పోతున్నారు. నేనూ ఆనించి విన్నాను. మెత్తగా, లోపలెక్కడో దుప్పటి కింద కొట్టినట్టుంది. ఇనుము ఒంట్లో కలిసిపోయి మాంసమైందని నాకర్థమైంది. ఆదివారం చర్చిలో లేచి నిలబడి చెప్పాను, అందరూ పాట ఎత్తుకున్నారు. ఏటి నుంచి ఎక్కేటప్పుడు కొంచెం ఆయాసపడుతోంది, ఒళ్లొచ్చింది కదా, మొయ్యాలి మరి.

మీరిచ్చిన బిడ్డని నిండుగా మీకు తిరిగి పంపుతాను. ఈ ఉత్తరం రేపటి బస్సు కండక్టరు చేతికిస్తున్నాను.

సంతోషంగా,
పెనీనా

*

ఎల్డొరెట్,
మే 3, 1996

అత్తయ్య గారికి,

నమారోమె లేచి కూర్చుంది. ఈ పూట గంజి తాగింది. మాట్లాడుతోంది, నన్ను తిడుతోంది కూడా. ఇది ముందు చదివి, కావలిస్తే మిగిలింది తర్వాత చదవండి.

దాని ప్రాణానికి భయం లేదని డాక్టరు చెప్పిన గంటలోనే మీరు ఎవరితోనూ చెప్పకుండా ఊరికి వెళ్లిపోయారు. రెండు రోజులు ఆస్పత్రి వరండా బెంచీ మీద నోట్లో నీళ్లు కూడా పోసుకోకుండా కూర్చున్నారు. ఆ బెంచీ మీద మీ శాలువా ఉండిపోయింది. నేను మడిచి ఉంచాను.

ఆకుకూరల్లో రక్తం గడ్డకట్టించే సత్తువ ఏదో ఉందట. మాత్ర ఒక పక్కకి లాగుతుంటే అది ఇంకో పక్కకి లాగింది. తలుపు అంచున గడ్డ పేరుకుని ఒక రెక్క కదలడం మానేసింది. చప్పుడు అందుకే పోయింది. సూదిమందు ఎక్కించి దాన్ని కరిగించారు. రెండో రోజు పొద్దున్న టీ తాగుతుంటే ఆ టిక్కు టిక్కు మళ్లీ వినిపించింది. కప్పు వదిలేశాను. నర్సుకి అరిచి చెప్పాను. వార్డులో ముసలాళ్లంతా నాకు పిచ్చెక్కిందనుకున్నారు.

మీరు మీ మీద వేసుకుంటున్నారని నాకు తెలుసు. వినండి. నర్సు ఆకుకూరల సంగతి నాకు చెప్పింది, మీకు కాదు. నైరోబిలోనే అది నేను రాయాలి. అత్తగారి పొయ్యి గురించి రాయకూడదని సిగ్గుపడి ఊరుకున్నాను. "ఎప్పటిలా తినండి, ఎక్కువ తక్కువ కాకుండా రోజూ ఒకే కొలతలో తినండి, దానికి తగ్గట్టు మాత్ర సరిచేస్తారు" అంది నర్సు. ఆ ఒక్క వాక్యం రాసి ఉంటే సరిపోయేది. పైగా చప్పుడు పోతే ప్రమాదమని కూడా మీకు చెప్పలేదు.

మీరు ఆ చప్పుడు సంగతి రాయకపోతే నాకు తెలిసేది కాదు. మీ ఉత్తరంలో ఆ మాట చదివి, పంపు కట్టెయ్యకుండా పరిగెత్తాను. ఇంకో రెండు రోజులైతే దక్కేది కాదని డాక్టరు అన్నాడు. నమారోమె బతికి ఉన్నది మీ చేతిరాత వల్ల. నేను మీకు చెప్పాల్సింది అదొక్కటే.

ఆ రోజు మీ వంటింట్లోకి దూసుకొచ్చినందుకు, మీ ఊరి మకోఖా పికప్ బండిలో దాన్ని మధ్యన పెట్టుకుని మీ పక్కన కూర్చున్నందుకు, దాని వీపు కింద మీ చేతి మీద నా చెయ్యి పడినందుకు పెద్దలు ఏ శిక్ష వేస్తే అది పడతాను. మకోఖా మర్యాద కొద్దీ మనవైపు తిరగలేదు, దారంతా రోడ్డే చూశాడు. ఆ ఒక్కరోజే అతను బండి సరిగ్గా నడిపాడు.

జవాబు రాయండి.

లుస్వేటి

*

నైరోబి,
మే 26, 1996

అత్తయ్య గారికి,

మూడు వారాలుగా మీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. నామీద కోపమా? వంటింట్లో కాలు పెట్టినందుకా? చెప్పండి, వచ్చి బయట గేటు దగ్గర నిలబడి క్షమాపణ అడుగుతాను. నమారోమెని ఆస్పత్రి నుంచి ఇక్కడికే తెచ్చుకున్నాను, కింద నాలుగు మాటలు తను రాస్తానంది.

అమ్మా, నేను బాగున్నాను. నిన్న బజారుకి నడిచి వెళ్లొచ్చాను. అలసందాకు ఇక్కడ కట్ట కొన్నాం, పిడికెడు వండాను, రోజూ అంతే. నువ్వు వండినట్టు లేదు. ఆయన బాగుందంటున్నాడు, ఆయన మాట నమ్మకు. నువ్వు రాయకపోతే నాకు అన్నం సయించట్లేదు.

*

కిమిలిలి,
జూన్ 9, 1996

నాయనా లుస్వేటీ,

నీ మే నెల మొదటి ఉత్తరం నిన్నటిదాకా విప్పలేదు. అందులో నింద ఉంటుందనుకున్నాను. ఉండాలి కూడా. దాన్ని బైబిలు కింద పెట్టి, రోజూ ప్రార్థనప్పుడు బైబిలు మాత్రం తీసేదాన్ని. నా బిడ్డని నా చేత్తో తినిపించి చంపబోయాను, ఇంక అది అల్లుడి రాతలో కూడా చదువుకోవాలా అనిపించింది. నమారోమె రాసిన నాలుగు మాటలు వచ్చాక, పాతది కూడా విప్పాను. విప్పి, గుమ్మంలో కూర్చుని ఏడ్చాను. మా వదిన వచ్చి ఎవరు పోయారని అడిగింది. ఎవరూ పోలేదు, అందుకే ఏడుస్తున్నానన్నాను.

నీ మీద నాకు కోపమేంటి? ఆ రోజు వాన హోరులో నువ్వు గేటు దగ్గర ఎంతసేపు అరిచావో నాకు తెలియదు. రేకుల కింద ఏమీ వినపడలేదు. గాలికి తలుపు కొట్టుకుంటోందని లోపల గొళ్లెం పెట్టాను. నమారోమెకి ముద్ద నోట్లో పెడుతున్నాను. అది దగ్గుతోంది, నేను నీళ్లు తాగమంటున్నాను. అప్పుడు గొళ్లెం ఊడి, తలుపుతో పాటు నువ్వు లోపల పడ్డావు, బురదతో నెత్తి దాకా. ఆరేళ్లలో నీ మొహం మొదటిసారి అప్పుడు చూశాను. అల్లుడని తోచలేదు. బిడ్డని ఎత్తుకున్న చేతులు మాత్రం చూశాను. మంచి చేతులు. నా కూతురికి ఆరేళ్లుగా అవి ఉన్నాయని నాకప్పుడు తెలిసింది.

పోయిన గురువారం పెద్దలు వచ్చారు. వెపుఖులు తాతగారు కర్ర నేలకేసి కొట్టి, "అల్లుడు అత్త వంటింట్లో దూరాడు, చేతులు తగిలాయి. మేకని కొయ్యాలి, ఇల్లు శుద్ధి చెయ్యాలి" అన్నారు. "మేకనిస్తాను తాతా, కొయ్యండి. కానీ కడగడానికి ఈ ఇంట్లో ఏ మైలా పడలేదు. మా పిల్ల బతికినందుకు విందు చేసుకుందాం, నువ్వూ తిందువుగాని రా" అన్నాను. ఆయన చాలాసేపు గొణిగాడు. తర్వాత మేక ఎంత పెద్దదని అడిగాడు.

వచ్చే నెల ఇద్దరూ రండి. ఆకుకూర పిడికెడే వండుతాను, నువ్వే కొలిచి చూడు, నా కుండ మూత తీసి చూడు, నాకేం సిగ్గు లేదు. గేటు దగ్గర నిలబడొద్దు. ఆ గొళ్లెం నువ్వు ఊడగొట్టిన దగ్గరే ఇంకా వేలాడుతోంది. చూసినవాళ్లంతా బాగుచేయించమంటున్నారు. నేను చేయించను. నువ్వెప్పుడొచ్చినా తట్టక్కర్లేకుండా అలాగే ఉంటుంది.

పెనీనా